సెంటర్ ఎక్కడ పట్టారు మావయ్యా?

హలో… ఆ, నేనే మావయ్యా. కెంపుని.

…

కెంపుని! మీరు పెట్టిన పేరు మీకే వినబడకపోతే ఎలా?… మీ అల్లుడి చెల్లెల్ని… ఆ, ఆ కెంపునే. ఊళ్ళో ఇంకెంతమంది ఉన్నారేంటి?

చెవి మిషన్ పెట్టుకున్నారా?… కుడి చెవికా? మరి ఫోన్ ఎడమ చెవికి ఎందుకు పెట్టారు?… లేదు, వెటకారం కాదు. చెవి మార్చండి అంటున్నా, అంతే.

…ఇప్పుడు గదంతా మోగుతోంది. స్పీకర్ నొక్కేశారు. వద్దు మావయ్యా, అది ఆపండి… కింద ఎర్రది కాదు! అది నొక్కితే ఫోనే పోతుంది… దాని పైన. బూర బొమ్మ ఉన్నది… ఆ. ఆ. అంతే. ఇప్పుడు చెవికి ఆనించండి.

వదిన ఎక్కడుంది?

…మేడ మీదా? బట్టలారేస్తోందా… మంచిది. అంటే… మంచిదని కాదు, ఊరికే అడిగా.

మీరు కూర్చోండి… కూర్చునే ఉన్నారా. సరే.

…బాగానే ఉన్నా. తిన్నాను… తిన్నాను మావయ్యా, నిజంగానే. మీ మోకాలు?… ఊఁ… ఊఁ… డాక్టరు నడవమంటే మీరు కిటికీ దగ్గర కూర్చుని నడిచేవాళ్ళని లెక్కపెడుతున్నారటగా. వదిన చెప్పిందిలెండి.

…ఆ, విషయం ఉంది. అందుకే చేశా.

కొలిచారు మావయ్యా.

…గేరు. అన్నయ్య లిఫ్టుది. కొలిచారు.

…ఊడిపోయిన పళ్ళు కాదు, అవి ముక్కలైపోయాయి కదా. మిగిలిన చక్రం. నిన్నంతా చల్లగదిలో పడుకోబెట్టి, ఇవాళ పొద్దున్నే బల్ల మీదికి ఎక్కించారు… ల్యాబ్‌లో. విచారణ వాళ్ళ ల్యాబ్. నేనింకా ఇక్కడే, వరండాలో నిలబడి మాట్లాడుతున్నా.

లోపలికి ఎలా రానిస్తారు? చనిపోయినవాడి చెల్లెల్ని. అద్దం బయట నిలబడ్డా… విచారణ ఇంజనీరు మంచాయనే. 'ముట్టుకోకూడదు గానీ చూడొద్దని ఎవరూ అనలేదు, చూడమ్మా' అన్నాడు. కుర్చీ కూడా వేయించాడు.

…మన వర్క్‌షాపులో ఉన్నలాంటిదే, ఆ సీఎంఎం కొలత మెషీను. అదే రాతి బల్ల, తాకి కొలిచే అదే ముల్లు, ముల్లు చివర అదే ఎర్ర పూస. మీరు రాసిన ప్రోగ్రామే వర్క్‌షాపు నుంచి తెప్పించి నడిపారు.

…ఏమొచ్చిందా?

బాగుందనే వచ్చింది.

…అవును. ప్రతి పన్నూ దాని చోట అదుంది, దాని ఆకారంలో అదుంది. తెర నిండా పచ్చగీతలే.

…ఆగండి. ఆగండి మావయ్యా, 'నే చెప్పలా' అని అప్పుడే మొదలెట్టకండి… తెలుసు. 'గేరు బాగుంది, వాడి చెయ్యే బాగాలేదు'. అన్నయ్య పోయిన రోజు నుంచి మీ నోట అదే మాట, నాకు కంఠతా వచ్చు… ఖాళీ లిఫ్టు దొరికింది కదాని ఆటలాడుతూ దింపాడు, ఆ వేగంలో బ్రేకు గుద్దాడు, పళ్ళు ఊడాయి, లిఫ్టుతో సహా కిందికొచ్చి పడ్డాడు. అవును. కట్టే ఆ బిల్డింగు దగ్గర టీ అమ్మేవాడు కూడా అదే చెప్తున్నాడు, కళ్ళారా చూసినట్టు.

వదిన కూడా అనడం మొదలుపెట్టింది. 'కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే బతికేవాడు' అంది మొన్న నాతో. అన్నయ్య ఫొటో తీసి బీరువాలో పెట్టేసింది.

…ఆ, ఎవరు పెట్టమన్నారో కూడా తెలుసు.

…గొడవకి చెయ్యలేదు ఫోను. నిజంగా చెయ్యలేదు. అరవకండి, వదిన వింటుంది.

'బాగుందనే వచ్చింది' అన్నానా. అది మొదటిసారి. రెండోసారి కూడా కొలిచారు.

…ఎందుకంటే, ఇంజనీరు ఆ చక్రాన్ని చేత్తో తిప్పి తిప్పి చూశాడు. ఒక వైపు పళ్ళన్నీ అరిగి అద్దంలా మెరుస్తున్నాయి. ఎదురు వైపు పళ్ళు… మీరు నమ్మరు, నిన్న పెట్టెలోంచి తీసినట్టున్నాయి. 'పచ్చగీతలొచ్చిన గేరు అన్ని పళ్ళతోనూ పని చెయ్యాలి కదా, ఇందులో సగం మంది సెలవు పెట్టారేంటమ్మా' అన్నాడు అద్దంలోంచి నాకేసి చూసి.

తర్వాత మీ ప్రోగ్రాంని మొదటి నుంచి ఒక్కో అడుగూ నడిపించాడు. రెండో అడుగు దాకా కూడా వెళ్ళలేదు. మొదటి దాని దగ్గరే ఆపేశాడు. ముల్లు వెళ్ళి ఎక్కడ తాకుతోందో చూసి… ఆపేశాడు.

…

మావయ్యా? ఉన్నారా?

సెంటర్ ఎక్కడ పట్టారు మావయ్యా?

…బోరు నుంచా?

ఇరుసు దూరే రంధ్రం నుంచే?… ఖచ్చితంగా?

…కోప్పడకండి. అవును, నాకు నేర్పిందే మీరు. మొదటి రోజే నేర్పారు. గేర్ల కోసమే పుట్టిన ఆ పాత మెషీను మూలపడిపోతే దాని మీద చెయ్యేసి చెప్పారు. 'ఇందులో అయితే గేరుని బోరులో ఇరుసు దూర్చి తిప్పుతాం, సెంటర్ తప్పుదామన్నా తప్పదు. ఈ కొత్తది అన్నీ కొలిచేది. దీనికి గేరైనా ఒకటే, గిన్నె మూతైనా ఒకటే. ఇందులో గేరు కదలదు, ముల్లే చుట్టూ తిరుగుతుంది. నడుమెక్కడో నువ్వే చెప్పాలి. నువ్వు తప్పు చెప్పావో, ఆ తప్పు చుట్టూనే బ్రహ్మాండంగా కొలిచిపెడుతుంది' అని.

…మీ మాటే. ఇప్పుడు నేను పనిచేసే చోట కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదే చెప్తా. మీ గొంతు అనుకరించి మరీ చెప్తా, నవ్వుతారు.

ఇవాళ మీకు ఎవరైనా ఫోన్ చేశారా?

…వర్క్‌షాపు ఓనరు. ఎప్పుడు?… నా ఫోన్‌కి ముందే. ఏమన్నాడు?

…'బోరు నుంచే తీశానని ఇంజనీరుతో ఒక్క మాట అనండి చాలు గురువుగారూ'… గురువుగారూ అని కూడా అన్నాడా! మీరు పని మానేసిన రోజు గేటు దాకా వచ్చే తీరిక లేదు ఆయనకి. పాపం, ఇవాళ దొరికింది.

ఎందుకడిగాడో చెప్పాడా?

…చెప్పడు. నేను చెప్తా.

ఇంజనీరు మీ ప్రోగ్రాం పక్కనపెట్టి, బోరు నుంచి సెంటర్ పట్టి మళ్ళీ కొలిచాడు. పచ్చగీతలన్నీ ఎర్రబడ్డాయి మావయ్యా. పళ్ళ నడుము ఒకచోట ఉంది, బోరు నడుము ఒకచోట ఉంది. …ఎంతంటే, నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. బయటివాళ్ళకి అదేం లెక్క? మనకి అది కొండ.

…ఆ, ఓనరూ సరిగ్గా ఇదే అంటున్నాడు. 'పడిన దెబ్బకి బోరు వంకరపోయింది, అంతకుముందు మా పెద్దాయన బోరు నుంచే కొలిచి పాస్ చేశాడు, ఈ ప్రోగ్రాం ఆయన మానేశాక ఎవరో మార్చింది' అని. ఇంజనీరు కాదంటున్నాడు, పడిన దెబ్బ అయితే బోరు నొక్కుకుపోవాలి, ఇది చక్కగా గుండ్రంగా ఉంది, పక్కకి మాత్రమే జరిగింది అంటున్నాడు. ఇద్దరూ పట్టుకుని లాగుతున్నారు. ఇక తేల్చేది మీ మాటే.

అందుకే ఇంజనీరు మీ దగ్గరికి బయల్దేరాడు.

…ఇప్పుడే. కారులో. దారిలో ఉన్నాడు. ఇంకాసేపట్లో మీ తలుపు కొడతాడు.

…నన్ను పంపలేదు ఎవరూ. మీకు ఫోన్ చేసుకుంటానని ఆయనకి చెప్పా. 'ఏం చెప్పాలో చెప్పకమ్మా, ఏం జరిగిందో కావాలంటే చెప్పుకో' అన్నాడు. కొత్త మనిషి వచ్చి మీ హాల్లో కుర్చీలో కూర్చుని మీకు ఇది చెప్పడం నాకిష్టం లేదు. అంతే.

…అడిగే ప్రశ్న ఒక్కటే. నేను అడిగిందే.

మీరు బోరు అన్నారనుకోండి, ఆ గేరూ మంచిదే, దాంతోబాటు తయారైనవన్నీ మంచివే. ఆ గేర్లున్నాయని ఆపిన లిఫ్టులన్నీ సాయంత్రానికి మళ్ళీ తిరుగుతాయి, జనం ఎక్కుతారు. అన్నయ్య పేరు పక్కన 'నిర్లక్ష్యం' అని పడుతుంది. అదింక చెరగదు.

…బోరు నుంచే అంటారా. మళ్ళీ.

మావయ్యా, ముల్లు విరిగిన రోజు గుర్తుందా?

…చివరున్న పూస. ఎర్ర పూస. కెంపు.

ఇరుసు జారకుండా బోరులో ఇనుప కీ దూర్చడానికి పొడుగ్గా గాడి ఉంటుంది కదా. గోడని తాకుతానని వెళ్ళిన ముల్లు పోయి పోయి ఆ గాడిలో పడింది. టక్‌మంది. మీరు 'అయ్యో' అనేలోపే పూస నేల మీద ఎగురుతోంది… ఆ, నవ్వండి. అప్పుడు నవ్వలేదు మీరు. ఓనరు దిగి వచ్చి అందరి ముందూ… ఆ మాటలు ఇప్పుడెందుకులెండి. మీ చెవులు రెండూ ఎర్రగా అయిపోయాయి. నేను తలొంచుకుని నిలబడ్డా.

ఆయన వెళ్ళాక మీరు మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల కింద వెతికి, ఆ విరిగిన పూస నా చేతిలో పెట్టారు. 'ఇదిగో, ఇవాళ్టి నుంచి నీ పేరు కెంపు. ఇది విరిగితే నాకు తిట్లు పడతాయి, జాగ్రత్తగా ఉండు' అన్నారు. …ఉంది మావయ్యా. ఇంకా నా దగ్గరే ఉంది. పిన్నీసుల డబ్బీలో.

ఆ రోజు సాయంత్రం మీరు ప్రోగ్రాం మార్చారు. నేను పక్కనే ఉన్నా. 'ఇక బోరుతో గొడవొద్దు, బయటి అంచు పట్టుకుందాం. లోపలా బయటా ఒక్క బిగింపులోనే తిప్పుతున్నారు కదా, రెండింటి నడుమూ ఒక్కటే' అన్నారు.

…

అది అప్పుడు నిజమే. నేనేం కాదనట్లేదు. అప్పుడు అది నూటికి నూరు పాళ్ళూ నిజం.

…

మావయ్యా… ఫోన్ మాత్రం పెట్టకండి.

…

…ఆ.

…ఆ. బయటి అంచు నుంచే.

…లేదు, మర్చిపోవడం తప్పేం కాదు. అన్నేళ్ళు ఒకే బటన్ నొక్కితే దాని వెనకాల ఏముందో ఎవరికి గుర్తుంటుంది?

…'రెండూ ఒకటేగా' అంటే… ఇప్పుడు కాదు మావయ్యా. మీరు పని మానేసే ముందు పద్ధతి మార్చేశారు. గేరుని కొలిమిలో కాల్చి గట్టిపరిచాక బోరు బిగుసుకుపోతోందని, దాన్ని తీసుకెళ్ళి ఇంకో మెషీన్‌కి బిగించి, బోరు ఒక్కదాన్నే గ్రైండింగ్ చేస్తున్నారు. బిగింపు వేరైతే నడుమూ వేరే. ఈ గేరు చేసిన రోజు చక్రం వంకరగా బిగించి ఉంటారు… పళ్ళూ, బయటి అంచూ ఒకదానితో ఒకటి చక్కగా ఉన్నాయి. ఇరుసు దూరే రంధ్రమే పక్కకి జరిగింది. మీ ప్రోగ్రాం దాని ముఖం కూడా చూడలేదు.

…చెప్పలేదు. తెలుసు, మీకెవరూ చెప్పలేదు. కొలత గదికి వచ్చి ఎవరు చెప్తారు? తలుపు తీస్తే చల్లదనం పోతుందని వచ్చినవాణ్ణల్లా తరిమేవాళ్ళం కదా మనం. 'బయటే ఉండు, నీ ఒంటి వేడికి నా గేరు ఉబ్బుతుంది' అని మీరు ఆ లావుపాటి స్టోరు మనిషిని…

…ఆ. ఇక నవ్వు రావట్లేదు. నాకూ రావట్లేదు.

…ఏంటి?

…మళ్ళీ చెప్పండి. ఫోన్ సరిగ్గా పట్టుకోండి… ఎవరు చెప్పారు?

అన్నయ్యా?

…మీతోనా? ఎప్పుడు?

…ముందు రోజు. భోజనాల దగ్గర.

ఏమన్నాడు? …ఉన్నదున్నట్టు చెప్పండి.

…'మావయ్యా, కొత్త గేరు వేశాక లిఫ్టు మూలుగుతోంది' అన్నాడా.

…ఎలా మూలుగుతోందన్నాడు?

…చుట్టుకొకసారి.

…

మీరేమన్నారు?

…'నేను కొలిచిన గేరు మూలగదు. మూలిగేవి నీ చెవులు. ఇంద, నా చెవి మిషన్ పెట్టుకో' అన్నారా. …తీసి చేతికిచ్చారా. కంచం పక్కన.

…అందరూ నవ్వారా.

…అన్నయ్య కూడానా.

…

ఒక్క నిమిషం ఆగండి… ఏం లేదు. గోడకి ఆనుకున్నా… లేదు, ఏడవట్లేదు. ఇక్కడ జనం ఉన్నారు… ఆగండి.

…

నాకీ సంగతి తెలీదు మావయ్యా. ఈ ఫోన్ చేసేదాకా తెలీదు. నేను సెంటర్ గురించి అడుగుదామనే చేశా.

…చుట్టుకొకసారి మూలిగితే ఏంటో నాకు ఎవరు నేర్పారు?

…కళ్ళు మూసుకోమని, పాత గేరుపెట్టె పక్కన నిలబెట్టి, 'విను. ఎక్కడ బరువెక్కుతోంది, ఎక్కడ తేలికవుతోంది, అదే పని. చుట్టుకొకసారి అంటే సెంటర్ తప్పిందని, ఇంకో మాట లేదు' అని… ఎవరు?

అన్నయ్యకి ఆ చదువు లేదు. లిఫ్టు నడిపేవాడు. తనకి వినబడింది వినబడినట్టు మీ దగ్గరికి తెచ్చి పెట్టాడు. అది చాలు మీకు. వేరే ఎవరు చెప్పినా ముల్లు తీసుకుని పరిగెత్తేవారు. అల్లుడు చెప్పాడని…

…

…అనకూడనిది అన్నా.

…కాదు, మీరేం 'నిజమే' అనకండి. అనాల్సిందే అన్నాను, కానీ ఎదురుగా కూర్చుని అనాలి. ఇలా ఫోన్లో కాదు.

…నీళ్ళున్నాయా పక్కన? తాగండి.

తాగారా?

ఇంకొక్కటి ఉంది. ఇదీ ఇవాళే తెలిసింది. గోడలకి పూత పూసే మేస్త్రీ ఒకాయన పొద్దున్న ఇక్కడికొచ్చి వాంగ్మూలం ఇచ్చాడు… ఎందుకిన్నాళ్ళూ చెప్పలేదా? ఎవరూ అడగలేదట. పని అయిపోయి వేరే చోటికి పోయారట వాళ్ళంతా.

ఆ రోజు పైన పనిచేసినవాళ్ళని అన్నయ్య లిఫ్టు ఎక్కనివ్వలేదట. 'మెట్లు దిగండి, కాళ్ళకి మంచిది' అన్నాడట. వాళ్ళు ఒళ్ళు మండి, తిట్టుకుంటూ దిగారట. సగం దిగేసరికి చప్పుడు వినబడిందట.

…అవును మావయ్యా. ఖాళీ లిఫ్టు అందుకే. ఆటకి కాదు. కిందికి దింపి తాళం వేసేద్దామని.

…కాదు, మీ మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే తను అందులో ఉన్నాడు. వాళ్ళని ఎక్కించడానికి మాత్రం మనసొప్పలేదు.

…

…

మావయ్యా.

…నేనేం చెప్పమంటానా? నేనేం చెప్పమనను. మీకు తెలీకుండా ఎవరైనా మీ చేత ఏదైనా అనిపించకూడదని చేశా.

మీరు బయటి అంచు అంటే ఏమవుతుందో ఇంజనీరుని అడిగా. 'అది నా చేతిలో లేదమ్మా' అన్నాడు. పద్ధతి మార్చి మీకు చెప్పనివాళ్ళ సంగతీ రాస్తాడట. కానీ పాస్ అని సంతకం పెట్టింది మీరు… అవును. అబద్ధం ఆడను మీతో, నాకూ భయంగానే ఉంది.

…బోరు అంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నేను కూడా… నేనేమంటానో నాకు తెలీదు.

…ఏంటి?… 'వాడు రెండోసారి ముద్ద కలుపుకోలేదు' ఏంటి మావయ్యా, ఎవరు?

…ఓ. ఆ రోజు. నవ్వాక.

…నవ్వాడు, లేచి చెయ్యి కడుక్కున్నాడు. …మీరు చూశారు.

…

ఏం చప్పుడది? కారా?

…వదిన దిగుతోందా. మెట్ల మీద ఉందా.

…తనకి మీరే చెప్తారా? వద్దు మావయ్యా, వద్దు, ఇప్పుడు కాదు. నేనొస్తా. బస్సెక్కితే వచ్చేస్తా, పక్కన కూర్చుని నేను చెప్తా. మీరు చెప్పలేరు… ఆ ఇంజనీరు వచ్చాక కొత్త మనిషి ముందు వినకూడదంటారా.

…అది నిజమే.

…'దాని మొగుణ్ణి పోగొట్టినవాడి నోటితోనే వినాలి' అని అలా అనకండి మావయ్యా. అలా మొదలుపెట్టకండి తనతో. ముందు మేస్త్రీ మాట చెప్పండి. మెట్ల మాట. అది ముందు చెప్పండి.

…సరే. పెట్టను. ఇక్కడే ఉంటా. ఫోన్ బల్ల మీద పెట్టండి.

మావయ్యా… చెవి మిషన్ తియ్యకండి. తీస్తారని తెలుసు మీరు. తనేమంటుందో మీరు వినాలి.

…

…

…మెట్ల మాట ముందు మావయ్యా. మెట్ల మాట…

…

…ఆ. ఆ. అదీ.

…

…

…అయ్యో. ఏం పడింది?… మావయ్యా? ఎవరైనా ఫోన్ తియ్యండి… బకెట్టా? ఎవరు పడ్డారు?… వినబడట్లేదు నాకు, ఎవరైనా…

…వదినా? వదినా, ఫోన్ నీ చేతిలో ఉందా?

…ఆ. నేనే.

…బకెట్టేనా. ఒట్టి బకెట్టేనా. సరే. సరే వదినా.

…లేదు. ఆడలేదు.

…ఆడుకుంటూ దింపలేదు వదినా. తాళం వేద్దామని దింపాడు… ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తా. అడుగు. ఆడలేదు.

…అవును, మేస్త్రీలతో అన్నాడట. కాళ్ళకి మంచిదని… నీతోనూ అనేవాడా? …నువ్వు లిఫ్టు చూస్తానని వెళ్ళినప్పుడా. ఏడు అంతస్తులూ నడిపించాడా నిన్ను? …అదేం మనిషి.

…

…ఏంటి వదినా? ఏడుస్తూ చెప్తే నాకు అర్థం కావట్లేదు.

…నువ్వూ నవ్వావా. ఆ రోజు.

…తనూ నవ్వాడు కదా. నేనక్కడ ఉంటే నేనూ నవ్వేదాన్ని. చెవి మిషన్ తీసి చేతికిస్తే ఎవరు నవ్వరు? …నువ్వు నవ్వింది మీ నాన్న మాటకి. తన మీద కాదు. …అది తనకి తెలుసు. తెలీకుండా ఎలా ఉంటుంది?

…తెలుసులే. ముద్ద కలుపుకోలేదన్నది మావయ్యగారు చెప్పారు.

మావయ్యగారు ఎలా ఉన్నారు?

…నిలబడే ఉన్నారా. కుర్చీ లాగినా కూర్చోవట్లేదా. …చెవి మిషన్ ఉందా? …ఉందా. సరే.

…నువ్వేం మాట్లాడక్కర్లేదు. …తిడతావా? తిట్టు. విననీ. …ఏం చెయ్యాలో నాకూ తెలీదు వదినా. తెలిస్తే చెప్పనా? ఆయన మీద నాకెంత కోపంగా ఉందో, ఆయన నీళ్ళు తాగారా లేదా అని అంత భయంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఏంటో.

…ఏమంటున్నారు?

…బీరువా తాళమా? ఇప్పుడు బీరువాలో ఏం…

…ఓ.

…ఇవ్వు.

…ఇచ్చెయ్ వదినా. నువ్వు తీసివ్వకు. ఆయన్నే తియ్యనీ. చీరల కింద పెట్టావా? …వెతుక్కోనీ.

…దొరికిందా.

…తుడుస్తున్నారా. లుంగీతోనా… అద్దం గీసుకుపోతుంది, కాస్త మెత్తటి గుడ్డ… వద్దులే. ఉండనీ.

…ఏం చప్పుడు? …తలుపా.

ఆయనే అయ్యుంటాడు. ఇంజనీరు… నువ్వు తియ్యకు.

…మావయ్యగారు వెళ్తున్నారా. కర్ర లేకుండానా? …ఫొటో చేతిలో పట్టుకునే వెళ్తున్నారా.

…ఆపకు వదినా. తియ్యనీ.

…ఆ, వస్తున్నా. బయల్దేరుతున్నా. నువ్వు ఫోన్ పెట్టేసి ఆయన పక్కన నిలబడు.

…పక్కన నిలబడలేకపోతే, వెనకాలైనా నిలబడు.